కెప్టెన్‌కు ఇరవై ఒక్క రోజులు

ఆగస్టు 17, శనివారం

నలభై ఒక్క పాయింట్ల తేడాతో గెలిచాం. గెలిచాం కాబట్టి కోచ్‌ను ఎవరూ ఏమీ అనరు. నేను అంటాను, ఈ పుస్తకంలోనైనా.

గావిన్ ప్రెంటిస్ మా కురాంబా ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా వచ్చి రెండేళ్లయింది. బెండిగో పట్నం మనిషి. మా ఊరి బడిలో లెక్కలు చెబుతాడు. ఆటలోని నాలుగు క్వార్టర్ల మధ్య విరామాల్లో తెల్లబోర్డు తెచ్చి గడ్డిలో నిలబెట్టి బాణం గుర్తులు గీస్తాడు. కుర్రాళ్లంతా తలలూపుతారు. ముందుకు తన్నాల్సిన బంతిని పక్కకు తన్నిస్తాడు. గోల్ స్తంభాల ముందు నిలబడి ఏడాదికి అరవై గోల్స్ కొట్టిన మిచ్ హాల్పిన్‌ను తీసుకుపోయి వెనక కాపలాకు పెట్టాడు. అడిగితే, "ఫైనల్స్‌లో మీకే తెలుస్తుంది, లెస్" అన్నాడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి నాకు. తెలియాల్సింది ఎప్పుడో తెలిసింది.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాడు. డార్సీని కెప్టెన్ చేశాడు. డార్సీ మా అమ్మాయి లీయాన్ కొడుకు, ఇరవై నాలుగేళ్లవాడు, గోధుమ గిడ్డంగిలో పని. నా మనవడని ఈ మాట అనడం లేదు. ఎవరి మనవడైనా ఇదే అంటాను.

ఆగస్టు 20, మంగళవారం

మా ఆవిడ గ్లెనిస్ మళ్లీ ఆ ఉత్తరం సంగతి ఎత్తింది. బల్లారట్‌లో జ్ఞాపకశక్తి చూసే డాక్టరట. అక్టోబరు తొమ్మిదిన రమ్మన్నారు. వెళ్లనన్నాను. ఈ పుస్తకం ఫుట్‌బాల్ కోసం. ఇవన్నీ ఇక్కడ రాయకూడదు.

పొద్దున గొర్రెల సంతకు బండి నడుపుకుంటూ వెళ్లాను, ధరలు చూద్దామని. సంత జరిగేది బుధవారం. ఖాళీగా ఉన్నప్పుడు చూడటమూ మంచిదే. గేట్లు బాగుచేశారో లేదో తెలుస్తుంది. బాగుచెయ్యలేదు.

ఆగస్టు 24, శనివారం

లీగ్‌లో రెండో స్థానం ఖాయమైంది. వచ్చే శనివారం నుంచి నాలుగు వారాలు ఫైనల్స్, ఆఖరిది గ్రాండ్ ఫైనల్.

మైదానం చుట్టూ కార్లు నిలిపి ఆట చూస్తాం కదా, కెల్విన్ బండి పక్కనే నా బండి. గోల్ పడితే ఇద్దరం హారన్ మోగిస్తాం. కెల్విన్ డోబ్సన్ నాతో పద్నాలుగేళ్లు ఆడాడు. ఇవాళ వాడూ నేనూ కెప్టెన్ అంటే ఎవడు అని వాదించుకున్నాం. బాగా మాట్లాడేవాడు కెప్టెన్ అని ఈ కాలంలో అంటారు. కాదు. గుంపు మీద బంతి పడుతున్నప్పుడు వెనక్కి చూసుకోకుండా దాన్ని చేతులతో పట్టడానికి దూకేవాడు కెప్టెన్. దెబ్బ తగిలితే లేచేవాడు. లేచాక మళ్లీ దూకేవాడు. డార్సీకి ఆరేళ్లప్పుడే ఇది చెప్పాను, మా పెరట్లో.

ఆగస్టు 31, శనివారం

తొలి ఫైనల్ గెలిచాం, పదమూడు పాయింట్లతో.

మూడో క్వార్టర్‌లో గుంపు మీద బంతి లేచింది. డార్సీ వెనక్కి చూడకుండా దూకాడు. అవతలివాడి మోకాలు చెవి పక్కన తగిలింది. కింద పడ్డాక చేతులు రెండూ గాల్లోకి అలాగే బిగుసుకుని ఉండిపోయాయి, ఓ మూడు నాలుగు సెకన్లు. తర్వాత లేచాడు. నడిచాడు. తప్పు వైపుకి నడిచాడు గానీ నడిచాడు.

ప్రెంటిస్ వాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. చివరి క్వార్టర్ మొదలైనా పంపలేదు. నేను కారు దిగి కంచె దగ్గరికెళ్లి అరిచాను.

"వాడు బాగానే ఉన్నాడయ్యా! కెప్టెన్‌ను పంపు!"

ప్రెంటిస్ ఇటు తిరగనైనా లేదు. పక్కనున్న ఒకావిడ మాత్రం, "మీరు కాస్త ఊరుకోండి" అంది. కెల్విన్ నవ్వాడు.

సెప్టెంబరు 1, ఆదివారం

తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే ఇరవై ఒక్క రోజులు ఆడకూడదు. కొత్త నియమం. వేళ్ల మీద లెక్కపెట్టాను. గ్రాండ్ ఫైనల్ సెప్టెంబరు 21. సరిగ్గా ఇరవై ఒకటో రోజు. డాక్టరు కాగితం ఇస్తే ఆడొచ్చు. అక్కడిదాకా మిగతావాళ్లు చేర్చాలి.

సెప్టెంబరు 4, బుధవారం

డార్సీ గిడ్డంగి వెనక చిన్న ఇంట్లో ఉంటాడు. గ్లెనిస్ చేసిన మాంసం పులుసు పట్టుకెళ్లాను. పట్టపగలు పరదాలన్నీ వేసి ఉన్నాయి. టీవీ లేదు, ఫోన్ బోర్లా పెట్టి ఉంది. వాడు నేల మీద పడుకుని ఉన్నాడు.

"మంచం ఏమైందిరా?"

"మంచం కదిలినట్టుంటోంది తాతా. నేలైతే కదలదు."

తలనొప్పి తగ్గలేదట. వెలుతురు పడటం లేదట. పనికి కూడా సెలవు పెట్టాడు.

"అమ్మకు చెప్పకు. అమ్మమ్మకు అసలే వద్దు. కోచ్ గావ్‌కి తెలిస్తే ఆడనివ్వడు."

"నేనెవరికి చెబుతానురా?" అన్నాను.

సగం పులుసు తిన్నాడు. ఇంకా పదిహేడు రోజులున్నాయి. కుర్రవాడు. తగ్గిపోతుంది.

సెప్టెంబరు 7, శనివారం

ఓడిపోయాం. ముప్పై రెండు పాయింట్లు. కెప్టెన్ లేని జట్టు ఎలా ఆడుతుందో అలాగే ఆడింది. తొలి ఫైనల్ గెలిచాం కాబట్టి ఇంకో అవకాశం మిగిలింది, వచ్చే శనివారం. అందులో గెలిస్తేనే గ్రాండ్ ఫైనల్.

మిచ్ వెనక కాపలాలో బాగానే ఆడాడని కొందరు అంటున్నారు. కళ్లు చూపించుకోవాలి వాళ్లు.

సెప్టెంబరు 10, మంగళవారం

డార్సీ ఇంటికెళ్లాను. పరదాలు వేసి ఉన్నాయి. నేల మీద పడుకుని ఉన్నాడు. మంచం ఏమైందిరా అంటే మంచం కదిలినట్టుంటోంది, నేలైతే కదలదు అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

తరువాత: కాగితం వెనక్కి తిప్పి చూశాను. నాలుగో తేదీన ఇదే రాసి ఉంది, ఇవే మాటలు. ఇవాళ నేను డార్సీ ఇంటికి వెళ్లలేదని గ్లెనిస్ అంటోంది. పొద్దుటి నుంచీ ఇద్దరం ద్రాక్ష తీగ కత్తిరిస్తున్నామట. చేతుల మీద గీతలున్నాయి, కాబట్టి నిజమే అయుండాలి. కలేదో కలిసిపోయి ఉంటుంది.

సెప్టెంబరు 14, శనివారం

గెలిచాం! రెండే రెండు పాయింట్లు! చివరి నిమిషంలో వాళ్ల బంతిని గోల్ ముందు చేత్తో కొట్టి పడేసినవాడు మిచ్. సరే, రాశాను. ఒక్కసారి కుదిరినంత మాత్రాన కోచ్ తెలివి అనిపించుకోదు.

ఇరవై ఆరేళ్ల తర్వాత గ్రాండ్ ఫైనల్. కెల్విన్ ఏడ్చాడు. నేను ఏడవలేదు, చలిగాలికి కళ్లు నీరు కారాయి.

సెప్టెంబరు 16, సోమవారం

డార్సీని నేనే హార్షమ్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దారిలో చెప్పాను:

"తలనొప్పుందా అంటే లేదను. వెంటనే అనకు, ఆలోచించినట్టు కాస్త ఆగి అను. నిద్ర పడుతోందా అంటే అవునను. ఒంటికాలి మీద నిలబడమంటాడు. గోడ మీద ఒక మచ్చ ఎంచుకుని దాన్నే చూడు."

"నువ్వెలా చేసేవాడివి తాతా?"

"మా రోజుల్లో డాక్టరేడీ? మొహం మీద ఒక బకెట్ నీళ్లు, అంతే."

వాడు నవ్వాడు. పావుగంటలో కాగితం చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. ఆడొచ్చు.

తిరిగి వస్తూ బండి ఆపమన్నాడు. ఆవాల చేను పక్కన దిగి వాంతి చేసుకున్నాడు. పువ్వు విరగబూసి చేనంతా పసుపుపచ్చగా మండుతోంది. ఆ వెలుగు చూడలేక మోచేత్తో కళ్లు మూసుకున్నాడు. నేను నీళ్ల సీసా ఇచ్చాను. ఆ తర్వాత ఇద్దరం ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకున్నాం.

సెప్టెంబరు 17, మంగళవారం

గ్లెనిస్ అడిగింది, డాక్టరు ఏమన్నాడని. ఆడొచ్చన్నాడన్నాను. అది అబద్ధం కాదు.

సెప్టెంబరు 18, బుధవారం

ఊరంతా నలుపూ ఎరుపూ కాగితపు తోరణాలే. మాంసం కొట్టువాడు పంది తలకు మా జట్టు కండువా చుట్టాడు.

హోటల్లో కెల్విన్ మళ్లీ ఆ గోల్ కథ చెప్పాడు. ఏటా చెబుతాడు. ఇవాళ వినడానికి కొత్తవాళ్లు కూడా ఉన్నారు. 1981 గ్రాండ్ ఫైనల్, కెప్టెన్ లెస్ ట్రెగోవన్. రెండో క్వార్టర్‌లో మోచెయ్యి తగిలి చచ్చినవాడిలా పడిపోయాడు, లేచాడు, చివరి క్వార్టర్‌లో యాభై మీటర్ల నుంచి తన్నాడు, గెలిచాం. కెల్విన్ కుర్చీలోంచి లేచి తన్ని మరీ చూపిస్తాడు. అందరూ నా భుజం తట్టారు. నాకు బీరు ఇప్పించారు.

ఇది ఎవరికీ చెప్పలేదు. గ్లెనిస్‌కు కూడా చెప్పలేదు. ఆ గోల్ నాకు గుర్తులేదు. ఎప్పుడూ లేదు. ఆ రోజు పొద్దున బూట్లకు మైనం రాసుకోవడం గుర్తుంది. ఆ తర్వాత సోమవారం పాల కేంద్రంలో క్యాన్లు ఎత్తుతుండగా ఎవరో "భలే తన్నావురా" అనడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. నలభై మూడేళ్లుగా కెల్విన్ చెబుతుంటే విని, నాకు గుర్తున్నట్టు తలూపుతున్నాను. వాడు చెప్పే గాలి కూడా నేనే చెబుతాను ఇప్పుడు, ఉత్తరపు గాలి, ఎదురుగాలి అని.

అమ్మాయి లీయాన్ అప్పటికి పుట్టి పదకొండు రోజులు. ఆ ఆదివారం దాన్ని చర్చికి తీసుకెళ్లాం. ఫొటోలో నేనే ఎత్తుకున్నాను. అదీ గుర్తులేదు.

సెప్టెంబరు 19, గురువారం

ఆఖరి సాధన. చూడటానికి ఊరంతా వచ్చింది. ప్రెంటిస్ ఆరున్నరకు జట్టు పేర్లు చదవాలి.

డార్సీ పరుగెత్తాడు, తన్నాడు. ఎవరికీ ఏమీ తేడా కనబడలేదు. నాకు కనబడింది. ఎత్తు నుంచి వచ్చే బంతిని పట్టేటప్పుడు ఎడమ కన్ను మూస్తున్నాడు. రెండు బంతులు కనిపిస్తున్నట్టుంది, ఒకదాన్ని చెరిపేసుకుంటున్నాడు. చిన్నప్పటి నుంచి వాడి చేతుల్లోంచి జారని బంతి మూడుసార్లు జారింది. మూడోసారి నా వైపు చూశాడు. చెప్పనులే అన్నట్టు నేను తలూపాను.

ఆ తలూపడం నాకే నచ్చలేదు. హోటల్లో ఊపిన తలే అది.

ప్రెంటిస్ గదిలోకి వెళ్లాను. రెండేళ్లలో ఆ తలుపు తట్టడం ఇదే మొదలు. బల్ల మీద పేర్ల కాగితం ఉంది.

"మళ్లీ మిచ్ గురించేనా లెస్?" అన్నాడు.

"డార్సీకి తలనొప్పి తగ్గలేదు."

"డాక్టరు కాగితం ఇచ్చాడు కదా."

"డాక్టరుకు అబద్ధం చెప్పాడు. ఎలా చెప్పాలో నేను నేర్పాను."

ప్రెంటిస్ కలం కింద పెట్టాడు. "మీకెప్పటి నుంచి తెలుసు?"

"నాలుగో తేదీ నుంచి. రాసుకున్నాను కాబట్టి తెలుసు. రాసుకోకపోతే తెలిసేది కాదు."

ఎందుకని అడిగాడు. చెప్పాను. గోల్ గుర్తులేదని, సంతకు వెళ్లిన సంగతి, ద్రాక్ష తీగ సంగతి. ఎన్నడూ ఎవరికీ చెప్పనివి, నాకు పొడ గిట్టని మనిషికి, సాక్సుల కంపు కొట్టే ఆ గదిలో నిలబడి చెప్పాను. వాడు చీవాట్లు పెడతాడనుకున్నాను. పెడితే బాగుండేది.

"వెళ్లి కూర్చోండి. మీ పేరు బయటికి రాదు" అన్నాడు.

"రానీ. నేనే చెప్పానను."

"అనను. వాడికి తాతయ్య కావాలి. కోచ్‌దేముంది, ఇంకొకడు దొరుకుతాడు."

ఆరున్నరకు ఇరవై రెండు పేర్లు చదివాడు. డార్సీ పేరు లేదు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. కెల్విన్, "ఒక పేరు మర్చిపోయావు కోచ్!" అని అరిచాడు.

"మర్చిపోలేదు. సాధనలో చూశాను, వాడు సిద్ధంగా లేడు. నిర్ణయం నాది" అన్నాడు ప్రెంటిస్.

డార్సీ బూట్లు విప్పి, అక్కడే గడ్డిలో వదిలేసి, సాక్సులతోనే కారు దాకా నడిచివెళ్లాడు.

సెప్టెంబరు 21, శనివారం

మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. 79–82.

చివరి రెండు నిమిషాల్లో గోల్‌కు ముప్పై మీటర్ల దూరంలో బంతి పైకి లేచింది. కింద ముగ్గురు మావాళ్లే ఉన్నారు. ఎవరికి వాళ్లు పక్కవాడు దూకుతాడనుకున్నారు. డార్సీ అయితే పట్టేవాడు. ఇది అభిప్రాయం కాదు. పట్టేవాడు, తన్నేవాడు, గోల్‌కు ఆరు పాయింట్లు, గెలిచేవాళ్లం.

వాడు బెంచీ మీద కోటు వేసుకుని కూర్చున్నాడు. ఆట ముగిసిన సైరన్ మోగాక కింద పడి ఏడుస్తున్న ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి లేపాడు. తర్వాత గోల్ స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు.

ప్రెంటిస్ కారు అద్దం మీద ఎవరో టమాటా సాస్ పోశారు.

సెప్టెంబరు 22, ఆదివారం

ఏమీ లేదు.

సెప్టెంబరు 26, గురువారం

కోచ్‌ను తీసేయాలని కెల్విన్ సంతకాలు పోగు చేస్తున్నాడు. కాగితం నా దగ్గరికి తెచ్చాడు.

"మొదటి సంతకం నీది కావాల్రా. నీ మనవడికి జరిగింది అన్యాయం. డాక్టరే ఆడొచ్చన్నాక ఆపడానికి వీడెవడు?"

కళ్లజోడు ఇంట్లో ఉందన్నాను. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. కెల్విన్ చూశాడు గానీ ఏమీ అనలేదు. ఈమధ్య నా విషయంలో అందరూ అలాగే ఊరుకుంటున్నారు. ఇవాళ అది పనికొచ్చింది. ఇలాంటి పనికి రావడం బాగాలేదు.

డార్సీ ఫోన్ ఎత్తడం లేదు. నేనేం చేశానో వాడికి తెలియదు. ఎవరి ఫోనూ ఎత్తడం లేదు.

సెప్టెంబరు 30, సోమవారం

గ్లెనిస్‌కు చెప్పాను, అన్నీ. బంగాళాదుంపలు చెక్కుతోంది. చెక్కడం ఆపలేదు.

"గోల్ సంగతి నాకు తెలుసు" అంది. "పెళ్లైన కొత్తలోనే తెలుసు. కెల్విన్ ఏ మాట మార్చి చెబితే నువ్వూ ఆ మాటే మార్చేవాడివి."

"మరి ఎందుకు అడగలేదు?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను." తర్వాత కత్తి కింద పెట్టింది. "డార్సీ విషయం వేరు లెస్. వాడు చేలో వాంతి చేసుకుంటే నువ్వు నీళ్లిచ్చి ఇంటికి తీసుకొచ్చావు. అది మాత్రం మరుపు కాదు. అది నువ్వు తెలిసి చేసిందే."

అవునన్నాను.

అక్టోబరు 3, గురువారం

క్లబ్బు గదిలో సమావేశం. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. డార్సీ వెనక తలుపు దగ్గర ఉన్నాడు. కెల్విన్ లేచి అన్నీ చెప్పాడు. పక్కకు తన్నడం, తెల్లబోర్డు, మిచ్, అన్నీ నా మాటలే. రెండేళ్లుగా కారు కిటికీలోంచి నేను వాడికి నూరిపోసినవే. వాడి నోట వింటే ఎంత బాగా కుదిరాయో అనిపించింది. ఆఖరికి, కెప్టెన్‌ను కావాలనే పక్కన పెట్టాడన్నాడు.

ప్రెంటిస్‌ను సమాధానం చెప్పమన్నారు. "చూశాను, నిర్ణయించాను. ఇంకేం లేదు" అని కూర్చున్నాడు.

నేను లేచాను.

"కూర్చోరా లెస్, ఓటుకి చెయ్యెత్తితే చాలు" అన్నాడు కెల్విన్.

"డార్సీకి బాగాలేదని కోచ్‌కు చెప్పింది నేను" అన్నాను. "డాక్టరుకు అబద్ధం చెప్పడం నేర్పిందీ నేనే. పదిహేను రోజులు దాచి, ఆఖరి రోజు చెప్పాను. తిట్టాలంటే నన్ను తిట్టండి."

కెల్విన్ మొహం ఎర్రబడింది. "నువ్వే ఆడావు కదరా దెబ్బతోటి! యాభై మీటర్ల నుంచి తన్నావు కదరా!"

"తన్నానని నువ్వంటే తెలిసింది. నాకు గుర్తులేదు కెల్. ఒక్క అడుగు కూడా గుర్తులేదు."

కెల్విన్ నెమ్మదిగా కూర్చుని, చేతిలోని సంతకాల కాగితాన్ని రెండు మడతలు పెట్టి, మళ్లీ విప్పాడు. వాడికి ఆ గోల్ లేకుండా చేశాననిపించింది.

వెనక తలుపు కొట్టుకున్న చప్పుడైంది. డార్సీ వెళ్లిపోయాడు.

ఓట్లు వేశారు. ప్రెంటిస్ ఉన్నాడు, తొమ్మిది ఓట్ల తేడాతో. బయట వాడితో అన్నాను, మిచ్‌ను వెనక పెట్టడం ఇప్పటికీ తప్పే, గ్రాండ్ ఫైనల్లో ముందుండి ఉంటే ఇంకో గోల్ వచ్చేదని.

"అయ్యుండొచ్చు" అన్నాడు. "అది నాకూ నిద్ర పట్టనివ్వడం లేదు."

ఇలాంటి మాట అనే కోచ్‌ను నేనింతవరకూ చూడలేదు.

అక్టోబరు 9, బుధవారం

పొద్దున ఏడింటికి వాకిట్లో హారన్. డార్సీ కారు. నేను బల్లారట్ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకున్నాక, తీసుకెళ్లమని గ్లెనిస్ పిలిచిందట. ఈ మధ్య నన్ను బండి నడపనివ్వడం లేదు, ఆవిడకు అంత దూరం నడపడం భయం.

స్టావెల్ ఊరు దాటాక వాడే అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఆడి చచ్చినా ఫర్వాలేదనిపించింది తాతా, ఆ వారం."

"తెలుసు. అలా అనిపించడం నీకు నేర్పింది నేనే."

"నిన్ను ఇంకా క్షమించలేదు."

"ఏ విషయంలో? నేర్పినందుకా, చెప్పినందుకా?"

"రెండూ" అన్నాడు. "రోజుకొకటి."

"వీడు నడపగలడా అసలు?" అని గ్లెనిస్‌ను అడిగాను. వారం నుంచి నొప్పి లేదట, డాక్టరుకు ఈసారి నిజమే చెప్పి అనుమతి తెచ్చుకున్నాడట. ఆ మాట వెనక సీట్లోంచి ఆవిడే చెప్పింది. వాడు చెప్పలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, తొందరలేని మనిషి. గడియారం బొమ్మ గీయమంది. అయిదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగింది. రెండు చెప్పాను. నెలలు వెనక నుంచి చెప్పమంటే ఆగస్టు దగ్గర ఆగిపోయాను. గ్లెనిస్ నా చెయ్యి పట్టుకుని ఉంది.

"ఫుట్‌బాల్ ఆడేవారు కదా. తలకు గట్టి దెబ్బలు ఎన్ని తగిలుంటాయి?"

ఈ ప్రశ్న ఎవరడిగినా రెండో మూడో అనేవాణ్ణి. అది నోటికి వచ్చేసింది కూడా.

"నాకు తెలియదు" అన్నాను. "లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే స్థితిలో ఉండేవాణ్ణి కాదు."

ఆవిడ రాసుకుంది. గోడ పక్క కుర్చీలో డార్సీ ముందుకు వంగాడు.

"నావి నాలుగు" అన్నాడు.

గ్లెనిస్ వెనక్కి తిరిగింది. నేనూ తిరిగాను. మాకు తెలిసింది ఒక్కటే, ఆగస్టుది.

"మిగతా మూడూ ఎవరికీ చెప్పలేదు. మొదటిది పదహారేళ్లప్పుడు" అన్నాడు వాడు, మమ్మల్ని చూడకుండా డాక్టరమ్మనే చూస్తూ.

గ్లెనిస్ నా చెయ్యి వదిలి వాడి చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ సొరుగు లాగి, కొత్త కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టి, వాడి పూర్తి పేరు అడిగింది.